పిప్పి పళ్లు లేని పట్టణం

రాళ్లవాగు ప్రభుత్వాసుపత్రిలో పళ్ల డాక్టరు వకుళ, ఒక బుధవారం కాస్త తీరిక దొరికితే, అట్టముక్క మీద ఐదు మాటలు రాసి తన గది బయట తగిలించింది. ఆవిడకు దురుద్దేశమేమీ లేదు. వచ్చినవాళ్లందరికీ చెప్పిందే చెప్పి గొంతు పోతోంది, చదువొచ్చినవాళ్లు చదువుకుంటారు, రానివాళ్లకు పక్కవాళ్లు చదివి పెడతారు అనుకుంది.

పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి పళ్లు తోముకోండి, బ్రష్షయినా సరే, మెత్తగా నమిలిన వేపపుల్లయినా సరే. తీపి తిన్న వెంటనే నీళ్లతో పుక్కిలించండి. బొగ్గు, ఇటుకపొడి, గండ్ర ఉప్పు పెట్టి రుద్దకండి, పన్ను అరిగిపోతుంది. నాలుక గీసుకోవడం మరవకండి. పంటి మీద నల్లమచ్చ కనిపిస్తే, నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.

అంతే. దీనివల్ల ఎవరికైనా హాని జరుగుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

అప్పట్లో రాళ్లవాగు మున్సిపల్ కమిషనర్ ఉదయభాస్కరం గారు పెద్ద దిగులులో ఉన్నారు. చుట్టుపక్కల పట్టణాలన్నీ ఏదో ఒకటి లేనివిగా పేరు తెచ్చుకున్నాయి. ఒకటి ప్లాస్టిక్ రహిత పట్టణం. ఇంకొకటి దోమల రహిత పట్టణం. అక్కడ దోమలు పగలు కూడా కుడతాయి, అది వేరే సంగతి. మూడోది పొగ రహితం, నాలుగోది పందుల రహితం. రాళ్లవాగు దగ్గరికి వచ్చేసరికి రహితం చేయడానికి ఏమీ మిగల్లేదు. మంచినీళ్ల రహితం అనవచ్చు గానీ దానికి బహుమతి ఇవ్వరు.

ఆ దిగులుతోనే ఆయన ఆసుపత్రి వెనక మురుగు కాలువ చూడడానికి వచ్చారు. కాలువ వాసన భరించలేక లోపలికి వచ్చి, వకుళ గది ముందు నిలబడి, ఆ అట్ట చదివారు. రెండోసారి చదివారు. వెంట ఉన్న శానిటరీ ఇన్‌స్పెక్టర్ గవరయ్యను పిలిచి మూడోసారి చదివించుకున్నారు.

"డాక్టర్ గారూ, ఇందులో ఖర్చనేది ఎక్కడా లేదే" అన్నారు.

"లేదండి. ఇంట్లో చేసుకునేవే కదా" అంది వకుళ.

"పంటి మీద పేరుకునేదాన్ని మీరేమంటారు?"

"మామూలు మాటల్లో పాచి అంటాం సార్. అది గట్టిపడితే గార. దాన్ని అలాగే వదిలేస్తే పన్ను పుచ్చి పిప్పి పడుతుంది."

కమిషనర్ గారి ముఖం వెలిగింది. "పాచి రహిత పట్టణం" అని మెల్లిగా అన్నారు. "పిప్పి రహితం కూడా. గవరయ్యా, ఈ రెండూ ఎవరైనా తీసుకున్నారా?"

"నేదు సార్, ఖాళీగానే ఉన్నాయి" అన్నాడు గవరయ్య.

అక్కడికక్కడే కమిషనర్ గారు ఎర్ర పెన్ను తీసి ఐదో వాక్యం కొట్టేశారు. నల్లమచ్చ కనిపిస్తే ఆసుపత్రికి రమ్మన్న వాక్యం అది. వకుళకు అర్థం కాక, "సార్, అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. ఒకసారి పుచ్చిపోయిన పన్ను ఏ పుల్లతో తోమినా పూడదు, మేం పూడ్చాల్సిందే" అంది.

"అమ్మా, సహజ పద్ధతుల మీద ప్రజలకు విశ్వాసం కలిగించడం మన విధి. చివర్లో ఆసుపత్రి మాటెత్తితే ఆ విశ్వాసానికి భంగం కలిగించినవాళ్లమవుతాం. పైగా ఈ వాక్యంలో ఖర్చు ఉంది" అన్నారాయన.

వారం తిరక్కుండా పురపాలక మండలి తీర్మానం చేసింది. విషయమును అన్ని కోణములనుండి కూలంకషముగా పరిశీలించిన మీదట, పట్టణ ప్రజల నోళ్లను నూరు దినములలో పాచి రహితముగాను, పిప్పి రహితముగాను తీర్చిదిద్దుటకు ఏకగ్రీవముగా నిశ్చయించడమైనది, అని ఆ కాగితంలో ఉంది. వకుళను సలహాదారుగా వేశారు. సలహాదారు సలహా ఇవ్వవలసిన పని లేదని తర్వాత పేరాలో రాశారు.

ముందు పుల్ల కొలత తేల్చాలి. వేపపుల్ల జానెడు ఉండాలని ఆరోగ్య విభాగం రాస్తే, ఎవరి జానెడు అని ఇంజనీరింగ్ విభాగం అడిగింది. ఫైలు పద్దెనిమిది రోజులు తిరిగి, చివరికి కమిషనర్ గారి కుడిచేతి జానెడును ప్రామాణికంగా తీసుకున్నారు. ఆ కొలతకు ఇనుప బద్ద ఒకటి చేయించి ఆఫీసులో గాజు పెట్టెలో పెట్టారు. వేపచెట్లకు నంబర్లు వేసి, ఏ వార్డువాళ్లు ఏ చెట్టు కొమ్మ విరుచుకోవాలో పట్టిక అంటించారు. రెండు నెలలకు రాళ్లవాగులో చెట్లన్నీ పీకిన కోళ్లలా నిలబడ్డాయి. ఎండాకాలం మొదలయింది. నీడ లేదని ఎవరో అర్జీ పెడితే, అది దంత ఆరోగ్యానికి సంబంధించిన విషయం కాదని తిప్పి పంపారు.

తర్వాత కమిషనర్ గారు వారపత్రికలో నూనె పుక్కిలింత గురించి చదివారు. నువ్వులనూనె నోట్లో పోసుకుని ఇరవై నిమిషాలు పుక్కిలించి ఉమ్మేయాలట. వకుళను అడిగితే, "చేసుకున్నవాళ్లకు నష్టమేమీ లేదు సార్, కానీ తోముకోవడం మానేసి దీన్నే నమ్ముకుంటే లాభమూ లేదు" అంది. ఆ మాటలో మొదటి సగం మాత్రమే మినిట్స్‌లో రాసుకున్నారు.

పొద్దున ఏడింటికి నీళ్ల ట్యాంకు మీది సైరన్ మోగేది. పట్టణమంతా నూనె పోసుకోవాలి. ఏడూ ఇరవైకి మళ్లీ మోగితే ఉమ్మేయాలి. ఆ ఇరవై నిమిషాలూ రాళ్లవాగులో ఒక్కడు నోరు మెదిపితే ఒట్టు. పాలవాళ్లు బుగ్గలు ఉబ్బించి వేళ్లతో లీటర్లు చూపించేవాళ్లు. బస్టాండులో కండక్టరు "రైట్" అనలేక చేతులు ఊపితే, డ్రైవరు దాన్ని దిగమన్న సైగ అనుకుని దిగి టీ కొట్టుకు పోయాడు. కోమటి వీధిలో పెళ్లి ముహూర్తం ఏడూ ఎనిమిదికి పడింది. పంతులుగారు నోటినిండా నూనెతో మంత్రాలన్నీ ముక్కులోంచి చదివి, తాళి కట్టే వేళకు పెళ్లికొడుకు మోచేతిని పొడిచారు. ఆ పెళ్లి చెల్లుతుందా చెల్లదా అని పిల్లవాడి మేనమామ ఇప్పటికీ అనుమానపడుతూనే ఉన్నాడు.

నూరో రోజు వచ్చింది. గవరయ్యకు ఒక టార్చి లైటు ఇచ్చి, పట్టణంలో ఉన్న నోళ్లన్నీ చూసి రమ్మన్నారు. కాలువలు చూసే టార్చి అదే. ముప్పై ఒక్క వేల నోళ్లు రెండు రోజుల్లో చూడాలి. గవరయ్య మంచివాడు, చెప్పిన పని చేసే రకం. ప్రతి వీధి మొదట్లో నిలబడి, "అందరూ ఓపాలి నోరు తెరవండి బాబూ" అని కేకేసి, టార్చి అటూ ఇటూ తిప్పి, "అయిపోయింది, మూసేండి" అనేవాడు. తనిఖీ పూర్తయిన ప్రతి ఇంటి తలుపు మీద తెల్ల సున్నంతో పన్ను బొమ్మ వేశారు.

ఫలితం నూటికి నూరు. ఊరి పొలిమేరలో బోర్డు లేచింది: "పాచి రహిత, పిప్పి రహిత రాళ్లవాగు పట్టణమునకు స్వాగతము." ప్రభుత్వం ప్రశంస పంపింది, ఆర్నెల్ల తర్వాత ఒక ప్రత్యేక కార్యదర్శి గారు స్వయంగా వచ్చి జ్ఞాపిక ఇస్తారని కబురు చేసింది.

కష్టం ఆ మర్నాడు మొదలయింది.

వకుళ గదికి ఎప్పటిలాగే నొప్పి పళ్లవాళ్లు వచ్చారు. ఆవిడ ఎప్పటిలాగే రిజిస్టరులో పిప్పిపన్ను అని రాయబోతే, ఆసుపత్రి సూపరింటెండెంటు గారు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఇంకో ఏడాదిలో రిటైరవుతారు, ప్రపంచంలో దేనితోనూ గొడవ వద్దనుకునే మనిషి.

"అమ్మా వకుళా, ఆ మాట రాయకు. లేనిదని ప్రభుత్వానికి రాసిచ్చేశారు."

"ఈయన నోట్లో ఉంది సార్. మీరే చూడండి."

"నేను చూడను. చూస్తే నాకూ తెలిసిపోతుంది." ఆయన గొంతు తగ్గించారు. "చెవిపోటు అని రాసి చెవుల డాక్టరు దగ్గరికి పంపు. దవడకు చెవి దగ్గరే కదా."

అలా పంటినొప్పివాళ్లంతా చెవుల గది ముందు బారులు తీరారు. చెవుల డాక్టరు కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. మొదటివారం అందరి చెవుల్లోకీ శ్రద్ధగా చూశాడు, రెండోవారం నుంచి చూడకుండానే చుక్కల మందు రాశాడు. వకుళ తన ఖాళీ గదిలో, కిందికి దిగడమే తప్ప పైకి లేవని పాత కుర్చీ పక్కన కూర్చుని, ఇంత చదువూ చదివింది ఇందుకా అనుకుంది. సిగ్గేసింది కూడా. మొదటి రోజే సూపరింటెండెంటు చెయ్యి విదిలించుకుని ఉండాల్సింది.

ఆ సిగ్గు తొమ్మిదో రోజున మనిషి రూపంలో వచ్చింది. బస్టాండులో పప్పుచెక్కలమ్మే నూకరత్నం. బుగ్గ బూరెలా పొంగింది, కన్ను సగం మూసుకుపోయింది, ఒళ్లు కాలిపోతోంది. చెయ్యి చాచి చిన్న సీసా చూపించింది, చెవి చుక్కల మందు.

"ఎనిమిది రోజులనుండి ఏసుకుంతన్నాను డాట్రమ్మా. సెవి బాగానే ఇనబడతంది. పన్నే సావగొట్టేత్తంది" అంది.

వకుళ నోరు తెరిపించి చూసింది. కింది దవడ పన్ను చిగురుదాకా పుచ్చి, కింద చీము పట్టింది. ఇంకో రెండు రోజులు చుక్కలేసుకుంటే ఆ చీము గొంతులోకి దిగి ప్రాణం మీదికొచ్చేది. వకుళకు ఒళ్లు మండిపోయింది. సూపరింటెండెంటు మీద కాదు, కమిషనర్ మీద కూడా కాదు, తన మీదే. మత్తిచ్చి, చీము తీసి, పన్ను పీకి, సూదిమందు వేసి, రోజూ వచ్చి కనిపించమని చెప్పి, రిజిస్టరు తీసి పెద్దక్షరాలతో రాసింది: నూకరత్నం, వయసు నలభై ఆరు, బస్టాండు వీధి, రాళ్లవాగు, కింది ఎడమ దవడ, పిప్పిపన్ను తీయబడినది.

నాలుగో రోజు మెమో వచ్చింది. "పిప్పి రహితముగా ప్రకటింపబడిన పురపాలక పరిధియందు పిప్పిపన్ను కలదని చూపి, లేని పన్నును ఉన్నట్లుగా తొలగించి, తద్వారా పథకమునకు అప్రతిష్ఠ కలిగించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

విచారణ కమిషనర్ గారి గదిలోనే జరిగింది. వకుళ వచ్చింది, నూకరత్నం వచ్చింది, గవరయ్య టార్చితో సహా వచ్చాడు. వకుళ చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. అందులో పన్ను ఉంది. మధ్యలో నల్లటి గొయ్యి, శనగగింజ పట్టేంత.

కమిషనర్ గారు సీసాను చాలాసేపు చూశారు. "ఇది పన్నేనా?"

"పన్నే సార్."

"గవరయ్యా, నువ్వు బస్టాండు వీధి చూశావు కదా. ఈమె నోట్లో ఇది కనిపించలేదా?"

"నాను టార్చి ఏసేసరికి ఆయమ్మ పప్పుసెక్క నములుతోంది సార్" అన్నాడు గవరయ్య.

పన్ను బల్ల మీదే ఉంది, కాదనడానికి లేదు. పట్టణంలో పిప్పి లేదు, అది ప్రభుత్వ ప్రకటన, దాన్నీ కాదనడానికి లేదు. ఇలాంటి చిక్కుముడులు విప్పడానికే ప్రభుత్వం ఉదయభాస్కరం గారి లాంటివారికి జీతమిస్తుంది. ఆయన కళ్లు మూసుకుని ఆలోచించి, తెరిచారు.

"డాక్టర్ గారూ, ఈ దవడ పన్ను మనిషికి ఎన్నో ఏట మొలుస్తుంది?"

"ఆరో ఏట సార్."

"ఏమ్మా, నీ ఆరో ఏట నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంతాను బాబూ, మా కన్నోరింట్లో. వంకవలస. వాగవతల" అంది నూకరత్నం. "ఈ ఊరు నాను పెళ్లయ్యాక ఒచ్చేను."

"అదీ సంగతి" అన్నారు కమిషనర్ గారు, వెనక్కి వాలి. "పన్ను మొలిచింది వంకవలసలో. అంటే అది వంకవలస పన్ను. పాచి పట్టడం మొదలైందీ అక్కడే అయి ఉంటుంది. మన పరిధిలోకి అది వలస వచ్చింది. రాళ్లవాగు పన్ను ఏదీ పుచ్చలేదు."



ఉత్తర్వు ఆ సాయంత్రమే వెలువడింది. పిప్పిపన్ను కలిగియున్న వ్యక్తి ఎవరైనను పిప్పి రహిత పట్టణమునకు చెందినవాడు కాజాలడు గనుక, అట్టివారిని పొరుగూరివారిగా పరిగణించి పథకపు పౌరుల పట్టీనుండి తొలగించవలెను. సీసాలోని పన్నును కవరింగు లెటరు జతచేసి వంకవలస పంచాయతీకి పంపారు. అక్కడి కార్యదర్శి ఉత్తరంలో "మీ పన్ను" అన్నంతవరకే చదివి, పన్ను అందినట్టు రసీదు రాసి పంపాడు. ఆ రసీదు వల్ల వ్యవహారం సక్రమంగా ముగిసిందని ఫైలులో రాసుకుని మూసేశారు. వకుళ మీద మెమో కూడా దాంతోపాటు మూతపడింది.

నూకరత్నం పట్టీలోంచి పోయింది. పోతే పోయిందని మర్నాడు పొద్దున ఎప్పటిలా బస్టాండుకొచ్చి బుట్ట దింపింది. సైరన్ మోగింది. అందరి బుగ్గలూ ఉబ్బాయి. గవరయ్య నూనె సీసా పట్టుకుని ఒక్కొక్కళ్ల నోరూ చూస్తూ వచ్చి, నూకరత్నాన్ని దాటి వెళ్లిపోయాడు.

"నాకెయ్యవా బాబూ?" అని అడిగింది.

"నువ్వు పొరుగూరిదానివి కదమ్మా" అన్నాడు గవరయ్య, తనిఖీ డ్యూటీ కాబట్టి అతనికి నూనె మినహాయింపు. "నీకు సైరన్ నేదు, పుల్ల నేదు, తనిఖీ నేదు."

నూకరత్నం ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత గొంతు సవరించుకుని, "పప్పుసెక్కలు, కరకరలాడే పప్పుసెక్కలు" అని బస్టాండంతా మారుమోగేలా అరిచింది. జామకాయలవాడు, బఠాణీలవాడు, మల్లెపూల ఆమె బుగ్గలు ఉబ్బించుకుని గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయారు. ఏడూ ఇరవై సైరన్ మోగేసరికి బుట్ట ఖాళీ.

వారంలో ఊరంతా తెలిసిపోయింది. జామకాయలవాడు వకుళ గదికి వచ్చి నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, నాకూ ఒక పిప్పిపన్ను ఇప్పించండి."

"నేనివ్వను. ఉందేమో చూస్తాను, కూర్చో." నోరు చూస్తే మూడు ఉన్నాయి.

వకుళకు అప్పుడు తట్టింది. రాళ్లవాగువాళ్లకు పిప్పిపన్ను ఉందని రాయకూడదు. పొరుగూరివాళ్లకు రాయవచ్చు, వైద్యమూ చేయవచ్చు. ఆసుపత్రిలో పొరుగూరి రోగులకు వేరే రిజిస్టరు ఎప్పటినుంచో ఉంది, దానిమీద ఎవరి ఆంక్షా లేదు. నల్లమచ్చ కనిపించిన క్షణాన మనిషి పొరుగూరివాడవుతాడు. అయిన మరుక్షణం ఆవిడ వాళ్ల పన్ను పూడ్చవచ్చు. కమిషనర్ గారి ఉత్తర్వును అక్షరం తప్పకుండా పాటిస్తూ ఆవిడ ఆ రిజిస్టరు తెరిచింది.

జనం విరగబడ్డారు. కొందరు నొప్పికి వచ్చారు, ఎక్కువమంది సైరన్ బాధ తప్పించుకోవడానికి వచ్చారు. ఆవిడ ఎవరికీ అబద్ధం రాయలేదు, రాయవలసిన అవసరమే రాలేదు. నూరు నోళ్లు చూస్తే తొంభైకి తక్కువ కాకుండా పుచ్చులు దొరికాయి. నూనె పుక్కిలిస్తే చాలని తోముకోవడం మానేసినవాళ్లు, పథకం పెట్టారు కదా అని గండ్ర ఉప్పుతో అరగదీసుకున్నవాళ్లు, ఐదు వేపపుల్లలు నమిలి వెంటనే రెండు జిలేబీలు తిన్నవాళ్లు. ఒక్కొక్కరికీ పూడుస్తూ, ఎలా తోముకోవాలో మళ్లీ మొదటినుంచీ చెప్పింది. పుచ్చు దొరకనివాళ్లను "మీకేం లేదు, వెళ్లండి" అంటే వాళ్లు బతిమాలారు, ఒకాయన ఏడ్చాడు కూడా. వాళ్లూ జిలేబీలు నమిలి, తోముకోవడం మానేసి, నెలా రెండు నెలల్లో నల్లమచ్చతో తిరిగొచ్చారు. నాలుగు నెలలు ఆవిడకు మధ్యాహ్నం అన్నం తినే తీరిక దొరకలేదు. నడుము పట్టేసింది. ఉద్యోగంలో చేరాక అంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

ప్రత్యేక కార్యదర్శి గారు వచ్చే రోజు దగ్గరపడింది. సభకు పౌరులను పిలవడానికి గవరయ్య పట్టీ తీశాడు. తీసి, కమిషనర్ గారి ముందు నిలబడి కాలు మార్చుకున్నాడు.

"సార్, మన ఆఫీసోళ్లు పోనూ పట్టీలో నాలుగొందల మందే మిగిలారు."

"ముప్పై ఒక్క వేలు ఉండాలి కదయ్యా?"

"మిగతావోళ్లంతా పొరుగూరోళ్లయిపోయారు సార్."

"ఆ నాలుగువందల మంది ఎవరు?"

"సంటి పిల్లలు సార్, ఇంకా పళ్లు రానోళ్లు. ముసలోళ్లు, పళ్లు ఊడిపోయినోళ్లు."

కమిషనర్ గారు కిటికీలోంచి బోడి వేపచెట్టు వైపు చూశారు. "వాళ్లలో పిప్పి ఎంతమందికి ఉంది?"

"ఎవురికీ నేదు సార్."

"అంటే నూటికి నూరు. సభ ఏర్పాట్లు చెయ్యి."

సభ బ్రహ్మాండంగా జరిగింది. టౌను హాలు ముందు వరుసల్లో తాతలు, మామ్మలు, వెనక వరుసల్లో ఉయ్యాలలు. తల్లులు పొరుగూరివాళ్లు కాబట్టి వాళ్లను బయట గేటు దగ్గర నిలబెట్టారు. ప్రత్యేక కార్యదర్శి గారు వేదిక మీదనుంచి, "ఆరోగ్యవంతమైన మీ చిరునవ్వు నాకొకసారి చూపించండి" అన్నారు. నాలుగువందల నోళ్లు తెరుచుకున్నాయి. పాచి లేదు, గార లేదు, నల్లమచ్చ లేదు. ఫొటోగ్రాఫరు ఒక్క క్షణం తటపటాయించి ఫొటో తీశాడు. కార్యదర్శి గారు చలించిపోయి, ఇంత స్వచ్ఛత తన సర్వీసులో చూడలేదని చెప్పి, జ్ఞాపిక ఇచ్చి, రాజధానికి వెళ్లి నివేదిక రాశారు.

ఆ నివేదిక ఫలితం ఒక నెలకు వకుళ బల్ల మీదికి వచ్చింది. ఆవిడ దాన్ని నిలబడే చదివింది, తర్వాత కూర్చుని చదివింది.

"రాళ్లవాగు అనుభవమును శాస్త్రీయముగా విశ్లేషింపగా, పళ్లున్న వారియందు పిప్పి ఉన్నట్లును, పళ్లు లేనివారియందు పిప్పి ఏ మాత్రము లేనట్లును స్పష్టమైనది. కావున సమస్యకు మూలము పళ్లేనని తేలినది. ఈ మూలమును తొలగించు కార్యక్రమమును ప్రయోగాత్మకముగా మీ పట్టణమునందే ప్రారంభించుటకు ప్రభుత్వము నిశ్చయించినది. కార్యక్రమము పూర్తిగా సహజ పద్ధతిలో, అనగా మత్తుమందు లేకుండా జరుగవలెను. అవసరమగు పట్టకారుల సంఖ్యను ఇరవై నాలుగు గంటలలో తెలుపునది."

సూపరింటెండెంటు గారు ఆ కాగితం చూసి, చూడనట్టే వెళ్లిపోయారు. వకుళ తెల్లకాగితం తీసుకుని, వాళ్ల భాషలోనే, ఎంతో వినయంగా జవాబు రాసింది. పట్టకారు ఒకటి చాలునని, సమర్థవంతముగా పనిచేయుచున్నదని తెలిపింది. ప్రజలయందు విశ్వాసము కలిగించుటకై కార్యక్రమమును అధికారులతో ప్రారంభించుట సముచితమని సూచించింది. సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు హాజరు కావలసినవారి జాబితా జతచేసింది. మొదటి పేరు ప్రత్యేక కార్యదర్శి గారిది, ముప్పై రెండు పళ్లు. రెండో పేరు కమిషనర్ గారిది. ప్రతులు అందరికీ పంపింది.

రాజధానినుంచి జవాబు అదే రోజు వచ్చింది. కార్యక్రమమును తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనది. ఆ శాఖలో ఒక ఉత్తరానికి అదే రోజు జవాబు రావడం అంతకుముందు ఎవరూ వినలేదు.

ఆ కబురు ఇంకా తెలియని కమిషనర్ గారు మధ్యాహ్నానికి స్వయంగా వకుళ గదికి వచ్చారు. చేతిలో జాబితా ఉంది.

"డాక్టర్ గారూ, ఇందులో నా పేరు పొరపాటున పడినట్టుంది."

"పొరపాటు కాదు సార్. పథకం మీదే కదా, మీరు ముందుంటే బావుంటుందని."

"నా పళ్లు బాగానే ఉన్నాయమ్మా."

"బాగున్నవాళ్లవే తీయమన్నారు సార్. పుచ్చినవాళ్లు పొరుగూరివాళ్లు, వాళ్లు ఈ కార్యక్రమంలోకి రారు. మీ ఉత్తర్వే."

కమిషనర్ గారు తలుపు వైపు చూశారు. ఎవరూ లేరని రూఢి చేసుకుని గొంతు తగ్గించారు. "కుడివైపు పైన ఒకటి ఉంది. ఆర్నెల్లుగా సలుపుతోంది. చల్లనీళ్లు తాగలేకపోతున్నాను."

"ఆర్నెల్లా? మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?"

ఆయన తల వంచుకున్నారు. "చెవిలో చుక్కలు వేసుకుంటున్నాను."

వకుళకు నవ్వు రాలేదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. కుర్చీ కిర్రుమంటూ కిందికి దిగింది. నోరు తెరిపించి చూస్తే ఒకటి కాదు, రెండున్నాయి, కానీ ఇంకా పూడ్చదగ్గవే. పొరుగూరి రిజిస్టరు తీసి పేరు రాసుకుని, మత్తిచ్చి, నోటినిండా దూది కుక్కి పని మొదలుపెట్టింది. ఉదయభాస్కరం గారు సర్వీసులో మొట్టమొదటిసారి, మాట్లాడే వీలు లేకుండా, ఎదుటి మనిషి చెప్పేది ముప్పావుగంట విన్నారు. వేపచెట్ల సంగతి విన్నారు, చెవి చుక్కల సంగతి, నూకరత్నం గొంతులోకి దిగబోయిన చీము సంగతి విన్నారు.

చివర్లో వకుళ అడిగింది. "సార్, రేపటినుంచి ఆ సైరన్ ఆపించమంటారా?"

కమిషనర్ గారు దూది మధ్యనుంచి, "ఊఁ" అన్నారు.

"ఆ పట్టీ కూడా రద్దు చేయమంటారా? అందరూ మళ్లీ ఈ ఊరివాళ్లే కదా?"

"ఊఁ."

ఆవిడ చేతులు కడుక్కుని, గవరయ్యకు చీటీ రాసింది. కమిషనర్ గారి మౌఖిక ఆదేశముల మేరకు, అని.